ఏడో పేరు

సెప్టెంబర్ 9, మంగళవారం

ఈరోజు సర్జరీలో, నేను రిసెప్షన్ చూసే డాక్టరు క్లినిక్‌లో, ఒక బర్మా ఆవిడ "ఓలమ్మ" అంది.

పొద్దున పదిన్నర. రిసెప్షన్ ముందు క్యూ తలుపు దాకా ఉంది. స్క్రీన్ మీద ఆవిడ అపాయింట్‌మెంట్ పక్కన "ఇంటర్‌ప్రెటర్: బర్మీస్" అని ఉంది. అరవై ఐదు దాటి ఉంటాయి. పూల లుంగీ, పైన కార్డిగన్, సాక్సు మీద చెప్పులు, బుగ్గల మీద గంధం లాంటి పూత. కుర్చీలో కూలబడుతూ నడుం పట్టుకుంది. ఎవరితోనూ కాదు, తనలో తను అనుకున్నట్టు, "ఓలమ్మ, నడుం ఇరిగిపోతంది" అంది.

టెక్కలి వదిలాక ఆ మాటని అలా అన్న మనిషిని చూడలేదు. మా నాయనమ్మ అనేది, సరిగ్గా అలాగే, "ఓ" దగ్గర కాస్త ఆగి.

నేను లేచి నిలబడ్డాను. క్యూలో ముందున్నాయన "యూ ఆల్‌రైట్, లవ్?" అన్నాడు. ఈలోపు ఆవిడని లోపలికి పిలిచేశారు. ఆవిడ బయటికొచ్చే వేళకి నేను ఫోన్‌లో ఎవరికో రిపీట్ ప్రిస్క్రిప్షన్ గురించి చెబుతున్నాను.

తప్పుగా విన్నానేమో. బర్మీస్‌లో కూడా ఓలమ్మ లాంటి మాట ఉందేమో.

సెప్టెంబర్ 11, గురువారం

తప్పుగా వినలేదు!

రక్తపరీక్షకి మళ్లీ వచ్చింది. నాకు అటు పనేం లేకపోయినా వెళ్లి పక్కన నిలబడ్డాను.

"మీరు తెలుగువాళ్లా?"

ఆవిడ నన్ను చూడలేదు. నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూసింది. తర్వాత నా మొహం చూసింది.

"నువ్వు మన మాట ఆడతావేటి?"

"మాది టెక్కలి దగ్గర. శ్రీకాకుళం."

"సిక్కోలు!" గదిలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. "మా ముత్తాతది సిక్కోలంట. ఓడెక్కీసి మూల్‌మైను ఒచ్చీసినాడంట. ఆ సిక్కోలు నిజంగా ఉందేటి?"

ఉందని చెప్పాను. నది కూడా ఉందన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. నర్సు పిలిచినా వదల్లేదు.

పేరు సత్యమ్మ. అరవై ఎనిమిది. వాళ్ల వాళ్లు వందేళ్ల పైనే అయింది బర్మా వెళ్లి, మొదట బియ్యం మిల్లులో మోతపని, తర్వాత రబ్బరు తోటల్లో. వాళ్ల ఊళ్లో నలభై గడపలు తెలుగువాళ్లవే. చదువంతా బర్మా భాషలో. తెలుగు నోట్లోనే ఉంది, అక్షరం ముక్క రాదు. కూతురు ఇక్కడ కేర్ హోంలో పని చేస్తుంది, పదేళ్ల కిందట తల్లిని తెచ్చుకుంది. హౌన్‌స్లో వెస్ట్ రైలు స్టేషన్ వెనకే ఫ్లాట్. నా ఇంటికి పన్నెండు నిమిషాల నడక. పదేళ్లు!

ఆవిడ నంబర్ నేను సిస్టమ్‌లోంచి తీసుకోలేదు. ఆవిడే ఇచ్చింది. ఇది ఇక్కడ రాసి పెట్టుకోవడం మంచిది.

కోవెంట్రీలో ఉద్యోగం చేసే మా ఆయన శ్రీకాంత్‌కి ఫోన్ చేసి చెప్పాను. "మంచిదేగా, నీకు కాలక్షేపం" అన్నాడు. సోమవారం వెళ్తే శుక్రవారం వస్తాడు కాబట్టి నాకు కాలక్షేపం కావాలని ఆయన ఉద్దేశం. కాలక్షేపం కాదిది. ఏమిటో నాకూ తెలీదు.

సెప్టెంబర్ 14, ఆదివారం

మొదటిసారి వాళ్లింటికి వెళ్లాను. "ఆంటీ" అంటే నవ్వింది. "ఆంటీ ఏటి? పిన్నీ అను."

గోంగూర పచ్చిరొయ్యలు వండింది. గోంగూరని బర్మావాళ్లు చిన్‌బాంగ్ అంటారట, మనకంటే ఎక్కువ తింటారట. నాకు తెలీదు. నాకు ఎన్ని తెలీవో!

వరసగా రాసుకున్న మాటలు: అక్కని అప్ప అంటుంది. ఆడపిల్లని గుంట అంటుంది. అన్నం కాదు, కూడు. దారి కాదు, తోవ. స్కూలుకి బర్మా మాటే. తుపాకీ గుండుకీ ఫిరంగి గుండుకీ బాంబుకీ అన్నిటికీ గుండే. మా నాయనమ్మతో పోయాయనుకున్న మాటలు ఈవిడ దగ్గర రోజూ వాడకంలో ఉన్నాయి, అరిగి నునుపెక్కిపోయి. నేను రాసుకుంటుంటే ఆవిడ వింతగా చూసింది.

"మాటలేరుకుంటన్నావేటి, రేవుకాడ గవ్వలేరుకున్నట్టు?"

నవ్వుతూనే అంది. ఇంకా అడగమంది.

సెప్టెంబర్ 17, బుధవారం

పిన్ని తన చెల్లెలి గొంతు వినిపించింది. పేరు రాజ్యం. అక్కడే, బర్మాలోనే ఉంది.

సైన్యానికీ తిరగబడ్డవాళ్లకీ మధ్య వాళ్ల ఊరు పడింది. పదకొండు నెలలైంది ఊరొదిలి. కొండ కింద ఒక బౌద్ధుల మఠం ఆవరణలో టార్పాలిన్ల కింద ఉంటున్నారు, మూడు ఊళ్లవాళ్లు. రాజ్యం పక్కనే శాంతకుమారి అని వాళ్ల ఊరి మనిషి, ఇద్దరూ కలిసి పొయ్యి పెట్టుకుంటారు. సిగ్నల్ కోసం రబ్బరు తోట గట్టెక్కాలి. అందుకని వాయిస్ మెసేజ్‌లు పోగుపడి ఒక్కసారే వస్తాయి, ఆరేడు.

పిన్ని ఊరి పేరు చెప్పింది. ఎక్కడా రాయొద్దంది. రాయను.

రాజ్యం గొంతు అక్క గొంతుకంటే బొంగురు. ఒక మెసేజ్‌లో మూడు నిమిషాలు ఎవరిదో కోడి ఎవరి టార్పాలిన్ కింద గుడ్డు పెట్టిందో, ఆ గుడ్డు ఎవరిదో అన్న తగువు. పిన్ని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. నేనూ నవ్వాను.

ఎలా ఉంటుందో చూడాలనుంది. ఫోటో లేదు, ఆ ఫోన్‌లో కెమెరా పగిలిపోయిందట.

సెప్టెంబర్ 21, ఆదివారం

రాజ్యం నాకు మెసేజ్ పెట్టింది! నాకే!

"అప్పా, ఆ టెక్కలి గుంటని అడుగు. సిక్కోల్లో ఇంకా మన మాట ఆడతారేటి? మాంవే ఆకరోళ్లం అనుకున్నాం."

పిన్ని మా ఇంటికొచ్చి వినిపించింది, ఆవిడ ఫోన్‌లోనే జవాబు చెప్పాను. ఆడతారు పిన్నీ, లక్షల మంది ఆడతారు, బస్సుల్లో ఆడతారు, కోర్టుల్లో ఆడతారు అన్నాను. నాకు తెలియకుండానే నా గొంతు టెక్కలిది అయిపోయింది. పక్క సోఫాలో మా అమ్మాయి సహస్ర తన ఫోన్ దించి నన్ను చూసింది.

"మమ్, హూ ఆర్ యూ?" అంది.

పదిహేడేళ్ల నుంచి నా కూతురు ఒక్కసారి కూడా నన్ను ఆ ప్రశ్న అడగలేదు.

సెప్టెంబర్ 24, బుధవారం

జవాబు రాలేదు. గట్టు ఎక్కాలి కదా.

సెప్టెంబర్ 26, శుక్రవారం

పిన్నికి ఫోన్ చేశాను. "వాన పడతాంటే ఎక్కదు. జారిపోతాది" అంది.

సెప్టెంబర్ 27, శనివారం

సహస్రని అడగాల్సింది కాదు. మఠం ఎలా ఉంటుందో చూద్దామని, అంతే, ఆ ప్రాంతం ఫోటోలేమైనా దొరుకుతాయా అని అడిగాను. దానికి ఇవన్నీ క్షణాల్లో పని.

ఒక ఫేస్‌బుక్ పేజీ. అంతా బర్మీస్. సహస్ర ఫోన్‌తో దాన్ని ఇంగ్లీషులోకి మార్చింది. బుధవారం పొద్దున విమానాలు వచ్చాయి. మఠం ఆవరణ మీద. నిర్వాసితులు అని రాశారు. ఫోటోలో మఠం బంగారు శిఖరం పక్కకి ఒరిగి ఉంది. నీలం టార్పాలిన్లు చెట్ల కొమ్మల మీద ఉన్నాయి. కొమ్మల మీద ఎందుకున్నాయో నాకు కాసేపు అర్థం కాలేదు.

కింద జాబితా. పంతొమ్మిది పేర్లు, వయసులు. రాజ్యం అన్న పేరు లేదు. రెండుసార్లు చూశాను. ఒక్క తెలుగు పేరూ లేదు.

"దే'డ్ హావ్ బర్మీస్ నేమ్స్ యాజ్ వెల్, వుడిన్ట్ దే?" అంది సహస్ర.

సెప్టెంబర్ 28, ఆదివారం

పిన్ని ఇంటికి వెళ్లాను. ఊరికే అడిగాను, మీకు బర్మా పేర్లు కూడా ఉంటాయా అని.

ఎంత సంతోషంగా చెప్పిందో. పుట్టిన వారాన్ని బట్టి పేరట. ఒక్కో వారానికి కొన్ని అక్షరాలు. పిన్ని సోమవారం పుట్టింది, బళ్లో ఖిన్ ఠే. ముందు "డా" అంటే మన "గారు" లాంటిది. శనివారం పుట్టినవాళ్లకి ట, న. రాజ్యం శనివారం పుట్టింది.

"దాని పేరు టిన్ మే. డా టిన్ మే. ఆ పేరుతో పిలిస్తే పలకదు, ఉలకదు. పంతులమ్మ కొట్టీది."

రాసుకున్నాను. నా చెయ్యి బాగానే రాసింది. ఆ పేజీ ఇప్పుడు చూస్తే అక్షరాలు గుండ్రంగా, పొందికగా ఉన్నాయి.

జాబితాలో ఏడో పేరు. డా టిన్ మే, 63.

సెప్టెంబర్ 29, సోమవారం

బర్మావాళ్లకి ఇంటిపేర్లు ఉండవు. పేరుకి రెండే ముక్కలు. శనివారం పుట్టిన ఆడవాళ్లు ఎంతమంది ఉంటారు? ఏడోవంతు. అందులో టిన్ మేలు ఎంతమంది? వెతికాను. డాక్టరొకావిడ ఉంది, వంటల వీడియోలు పెట్టే ఆవిడ ఉంది, స్కూలు ప్రిన్సిపాల్ ఉంది. ఎన్నో టిన్ మేలు.

రాజ్యం వయసు పిన్ని ఎప్పుడూ చెప్పలేదు. నేను అడగలేదు. అడిగితే అనుమానం వస్తుంది.

సెప్టెంబర్ 30, మంగళవారం

సర్జరీలో ఇవాళ చాలా పని. ఫ్లూ టీకాలు మొదలయ్యాయి.

అక్టోబర్ 1, బుధవారం

"యూ హావ్ టు టెల్ హర్" అంది సహస్ర.

"ఖాయంగా తెలియనిది ఎలా చెప్తాను? ఆవిడకి బీపీ. నేను ఆవిడ మెడికల్ నోట్స్ చూశాను."

చూడకూడదు. చూశాను.

"యూ జస్ట్ డోంట్ వాంట్ టు సీ హర్ ఫేస్ వెన్ యూ సే ఇట్."

పెద్దవాళ్లతో మాట్లాడే పద్ధతేనా అది అని కోప్పడ్డాను. తలుపేసుకుని పైకి వెళ్లిపోయింది.

అక్టోబర్ 2, గురువారం

దసరా. పిన్ని గారెలు చేసి సర్జరీకే తెచ్చింది, స్టీలు డబ్బాలో. స్టాఫ్ రూమ్‌లో కూర్చోబెట్టాను. నాతో పాటు తనూ తిన్నది. అల్లం ఎక్కువైందా అని అడిగింది. లేదన్నాను.

రాజ్యానికి రోజూ మెసేజ్ పెడుతోందట. పండగని చెప్పి నిన్న పాట పాడి పంపిందట. నా ముందే ఫోన్ తీసి చూపించింది. పద్నాలుగు మెసేజ్‌లు. అన్నిటికీ ఒక్కొక్కటే టిక్కు.

"వాన తగ్గలేదేమో" అంది.

"అయ్యుంటుంది" అన్నాను.

అక్టోబర్ 3, శుక్రవారం

సహస్ర కడుపులో ఉన్నప్పుడు మా అక్క పోయింది. విజయనగరం ఆస్పత్రిలో, జ్వరంతో. శ్రీకాంత్‌కి ఆ రోజే ఫోన్ వచ్చింది. నాకు ఏడో నెల. నా మంచికే చెప్పలేదు.

ఆ రోజుల్లో నేనేం చేశానో నాకు బాగా గుర్తుంది. కర్టెన్లు కొన్నాను. హై స్ట్రీట్‌లో మూడు షాపులు తిరిగాను. నీలమా ఆకుపచ్చా తేలక అక్కకి ఫోన్ చేశాను. బావ ఎత్తి, పడుకుంది, లేచాక చెప్తానన్నాడు. రెండ్రోజులు ఆగి మళ్లీ చేశాను. మళ్లీ పడుకునే ఉందన్నాడు. ఇంత నిద్రేమిటి అని నవ్వాను. బావ కూడా నవ్వాడు.

పదో రోజు చెప్పారు.

శ్రీకాంత్‌ని ఎప్పుడూ ఏమీ అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు. కర్టెన్లు ఏడాది తిరక్కుండా తీసేశాను, రంగు వెలిసిపోయిందని.

వాళ్లు తొమ్మిది రోజులు దాచారు. నావి ఇప్పటికి ఆరు.

అక్టోబర్ 4, శనివారం

చెప్పాను.

పిన్ని వంటింట్లో కింద కూర్చుని గోంగూర ఒలుస్తోంది. కూతురు డ్యూటీకి వెళ్లింది, షిఫ్టు మారిందట. నేనూ కింద కూర్చున్నాను.

"పిన్నీ, రాజ్యం పిన్నికి వయసెంత?"

"అరవై మూడు. ఏటి?"

చెప్పాను. మఠం, విమానాలు, జాబితా, ఏడో పేరు. ఆవిడ చేతిలో కాడ అలాగే ఉంది.

"ఎప్పుడు?"

"ఇరవై నాలుగు. బుధవారం."

"నీకెప్పుడు తెలిసింది?"

"పోయిన శనివారం."

వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. "ఆదివారం ఒచ్చినావు. దాని బర్మా పేరడిగినావు."

"అవును."

"అప్పటికే తెలుసు."

"ఖాయంగా తెలీదు పిన్నీ."

"తెలుసు."

నేనొక గోంగూర కాడ చేతిలోకి తీసుకున్నాను.

"గురువారం గారెలు ఒండినాను" అంది. గొంతు పెంచలేదు. "తిన్నాను. నీకు పెట్టినాను. పాట పాడి పంపినాను దానికి. నా సెల్లి మట్టిలో ఉంటే నాను పండగ సేసుకుంటన్నాను, నువ్వు ఎదురుగా కూకోని సూస్తన్నావు."

"మీరు తట్టుకోలేరని..."

"తట్టుకోలేపోతే నాను తట్టుకోలేపోతాను. నీకేటి? నా ఏడుపు నువ్వెందుకు దాసీసినావు?"

లేచి స్నానాల గదిలోకి వెళ్లింది. తల మీద నీళ్లు పోసుకుంటున్న చప్పుడు చాలాసేపు వినబడింది. ఉండాలో వెళ్లాలో తెలీక మిగిలిన గోంగూర ఒలిచాను. తడి జుట్టుతో వచ్చింది. ఆకు కుప్పని చూసింది, నన్ను చూసింది.

"ఎల్లు" అంది.

అక్టోబర్ 5, ఆదివారం

ఎత్తలేదు.

అక్టోబర్ 6, సోమవారం

నాలుగుసార్లు చేశాను. ఎత్తలేదు. సాయంత్రం వాళ్ల ఫ్లాట్ వైపు నడిచి, స్టేషన్ దాకా వెళ్లి వెనక్కొచ్చాను.

శ్రీకాంత్ ఫోన్ చేసినప్పుడు అడిగాను. పద్దెనిమిదేళ్లకి. అక్క పోయినప్పుడు ఎందుకు చెప్పలేదు అని.

"భయమేసింది" అన్నాడు.

"నాకేమైనా అవుతుందనా?"

"కాదు బిందూ. నువ్వు ఏడిస్తే ఏం చెయ్యాలో తెలీదని."

ఇన్నాళ్లూ నా మంచికనుకున్నాను.

అక్టోబర్ 8, బుధవారం

సహస్ర ఆ పేజీ రోజూ చూస్తోంది, నేనడక్కుండానే. జాబితా ఇరవై ఒకటైంది. ఏడో పేరు ఏడో చోటే ఉంది.

నా మాటల నోట్‌బుక్ తెరిచాను. నూట నలభై మాటలు. మూసేశాను.

అక్టోబర్ 10, శుక్రవారం

పిన్ని వచ్చింది. మూసే వేళకి సర్జరీకి వచ్చి రిసెప్షన్ ముందు నిలబడింది. బుగ్గల మీద గంధప్పూత లేదు. చిన్నదైపోయినట్టుంది.

"శాంతకుమారి బతికుంది" అంది, పలకరింపు లేకుండా. "సరిహద్దు దాటించీసినారు. థాయిలాండులో ఆస్పత్రిలో ఉంది. ఆదివారం మద్దినేల రెండున్నరకి ఫోన్ కలుపుతామన్నారు. అక్కడ అప్పుడు రేతిరి ఎనిమిదిన్నర."

"మంచిది పిన్నీ."

"నా కూతురికి డ్యూటీ. నాకు తోడు కావాల." కౌంటర్ మీద రెండు చేతులూ ఆనించింది. "నాను ఏడిస్తే నాకు ఇనబడదు. శాంత ఏటి సెప్తాదో నాకు మొత్తం కావాల, ఒక్క ముక్క పోకండా. నువ్వు ఇనాల. రాసి ఉంచాల. తరవాత నానడిగినప్పుడల్లా సెప్పాల, ఉన్నదున్నట్టు."

"చెప్తాను."

"మాటలేరుకుంటావు కదా" అంది. "ఇవీ ఏరు."

నవ్వలేదు. నాకు ఆ దెబ్బ తగలాలనే అంది. తగిలింది.

అక్టోబర్ 12, ఆదివారం

ఉన్నదున్నట్టు రాస్తాను.

మా ఇంట్లోనే. సహస్ర లైబ్రరీకి వెళ్లింది. ఎండ బాగా ఉంది, వంటింటి కిటికీ తెరిచే ఉంది. టేబుల్ మీద పిన్ని ఫోన్ స్పీకర్‌లో పెట్టాం. నేను కొత్త నోట్‌బుక్ తీసుకున్నాను. పాతది తియ్యబుద్ధి కాలేదు.

రెండూ ముప్ఫై అయిదుకి కలిసింది. ముందు ఎవరో నర్సు బర్మీస్‌లో మాట్లాడింది. తర్వాత గరగరమని ఊపిరి. తర్వాత "సత్తెమ్మప్పా" అన్న పిలుపు.

పిన్ని ఏడవలేదు. "శాంతా, కూడు తిన్నావేటి?" అని అడిగింది.

తిన్నదట. గంజి పెట్టారట. ఎడమ కాలు మోకాలు కింద తీసేశారట. దాని సంగతి తర్వాత మాట్లాడుకుందామంది. అడగాల్సినవి అడుగు అంది.

పిన్ని అడిగింది. నేననుకున్నవి కావు అవి. పొద్దున రాజ్యం ఏం తింది? సల్దికూడు, ఎండుచేప. ఏం కట్టుకుంది? ఆకుపచ్చ లుంగీ, సత్తెమ్మప్ప పంపిన స్వెట్టరు. తల దువ్వుకుందా? దువ్వుకుంది, శాంతే జడేసింది. ఏమైనా అందా? సిక్కోలు గుంట మెసేజ్ మూడుసార్లు విని, బస్సుల్లో కూడా మన మాటే ఆడతారంట అని టార్పాలిన్లన్నిటికీ వెళ్లి చెప్పి వచ్చింది.

ఇక్కడ నా పెన్ను ఆగింది. పిన్ని నా వైపు చూసి, రాయి అన్నట్టు తలాడించింది. రాశాను.

అయితే రాజ్యం సిగ్నల్ కోసం గట్టు ఎక్కింది. నా మాట ఆవిడకి చేరింది. పిన్ని చూపించిన పద్నాలుగూ చేరనివి.

తర్వాత శాంతకుమారి చెప్పింది. ఏడు గంటలప్పుడు ఇమానం వచ్చింది. ముందు చప్పుడు, తర్వాత గుండు. బడి పాక మీద పడింది. వీళ్లిద్దరూ మఠం గోడ పక్క కాలవలో పడుకున్నారు, ఒకరి మీద ఒకరు. పైన మట్టి పడింది, కొమ్మలు పడ్డాయి. తర్వాత ఏ చప్పుడూ లేదు. తర్వాత పాక దగ్గర్నుంచి నీళ్లు, నీళ్లు అని అరుపులు.

"ఎల్లొద్దన్నాను. లుంగీ అంచు పట్టీసుకున్నాను. పోయింది కదే, ఎల్లిపోయింది కదే ఇమానం, అని నా సెయ్యి ఇడిపించీసుకుంది. బిందె అట్టుకోని ఎల్లింది. అప్పుడు రెండోది ఒచ్చింది అప్పా. ఒకటి పోయినాక రెండోది ఒస్తాది. సాయం సేసీవోళ్లు లెగుస్తారని ఆళ్లకి తెలుసు."

పిన్ని ఏడవడం మొదలుపెట్టింది. చెప్పినట్టే, ఆవిడకి ఇంకేమీ వినబడలేదు. నేను విన్నాను. శాంతకుమారికి చూసేందుకు మళ్లీ తల ఎత్తడానికి ఎంతసేపు పట్టిందో, ఏం చూసిందో, ఏం చూడలేదో. రాశాను. అవి ఇక్కడ మళ్లీ రాయను, ఆ పుస్తకంలో ఉన్నాయి. పిన్ని అడిగినప్పుడు చెప్తాను.

అప్పుడు మూడైంది.

ఇక్కడ మధ్యాహ్నం మూడింటికి హీత్రూ ఎయిర్‌పోర్టులో రన్‌వే మారుస్తారు. ఈ వారం మా ఇంటి మీదుగా విమానాలు దిగే వంతు మూడు తర్వాత. ఇరవై ఏళ్లుగా ఈ ఇంట్లో ఉన్నాం, ఆ చప్పుడు నాకు వినబడదు. వచ్చినప్పుడు మాట ఆపి, పోయాక మళ్లీ అందుకుంటాం, అది కూడా మాకు తెలీకుండానే. పిన్నికీ అంతే. మొదటిది మా కప్పు మీదుగా దిగింది, చక్రాలు కనపడేంత కిందుగా.

ఫోన్‌లో ఊపిరి ఆగిపోయింది.

"ఏటా సప్పుడు?" అంది శాంతకుమారి. తర్వాత కేక. "ఇమానం! అప్పా, ఇమానం! పడుకో! కిందన పడుకో!"

నేను నోరు తెరిచాను. భయం లేదు, ఇది మామూలుగా దిగే విమానం అని చెప్పబోయాను. నేను చెప్పేలోపే పిన్ని కుర్చీలోంచి కిందికి జారింది. నడుం నొప్పి మనిషి, మంచం మీంచి లేవడానికే గోడ పట్టుకునే మనిషి, వంటింటి లినోలియం మీద బోర్లా పడుకుంది. నా చెయ్యి పట్టి లాగింది. నేనూ పడుకున్నాను. ఫోన్ కూడా కిందికి తెచ్చుకుంది, మా ఇద్దరి తలల మధ్య.

"పడుకున్నాం శాంతా" అంది.

"ఆ గుంట?"

"అదీ పడుకుంది. నా పక్కనే ఉంది."

"తల ఎత్తొద్దు. పోయిందని లెగొద్దు. రెండోది ఒస్తాది."

వచ్చింది. నిమిషమున్నరకి ఒకటి వస్తుంది ఇక్కడ. కిటికీ అద్దం సన్నగా కొట్టుకుంది. ఫోన్‌లో శాంతకుమారి ఏదో గొణుగుతోంది, మమ్మల్నిద్దర్నీ చేత్తో అదిమి పట్టుకున్నట్టు.

రెండోది పోయాక పిన్ని ఫోన్ దగ్గరికి నోరు పెట్టి నెమ్మదిగా చెప్పింది.

"శాంతా, ఇను. నీకు అబద్దం సెప్పను. ఇయి గుండ్లేసీవి కావు. మనుషుల్ని దింపీవి. ఇక్కడ రోజూ ఒస్తాయి. నాకేటీ అవదు."

"అయినా లెగొద్దు అప్పా" అంది శాంతకుమారి.

"లెగను."

మూడోది పోయింది. నాలుగోది పోయింది. నా చెంప కింద నేల చల్లగా ఉంది. పిన్ని మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది, కళ్లు తెరిచే ఉన్నాయి. ముక్కు మీదుగా నీళ్లు కారి నేల మీద పడుతున్నాయి. తుడుచుకోలేదు. నేనూ తుడవలేదు. ఒక్కో విమానం దగ్గరికొచ్చినప్పుడల్లా శాంతకుమారి "ఉండండి, ఉండండి" అంటోంది, అది పోయాక "ఉన్నారా?" అంటోంది. "ఉన్నాం" అని పిన్ని. రెండుసార్లు నేనన్నాను. మొదట్లో ఆవిడ గొంతు వణికింది. పోను పోను వణుకు తగ్గింది. నర్సు వచ్చి ఏదో అంటే, ఆగమని ఆవిడే గదిమింది.

ఎన్ని పోయాయో లెక్కపెట్టలేదు. చివరికి ఒకటి పోయాక, తర్వాతది ఇంకా దూరంగా ఉండగానే, శాంతకుమారి గట్టిగా ఊపిరి వదిలింది.

"ఇప్పుడు లెగండి" అంది.

లేచాం.